మేఘమథనానికి సాక్షి వర్షమాపకం

పలనాటి సీమకు ఉత్తరాన కృష్ణానది, పడమర నల్లమల కొండలు. ఇంత పెద్దనది ఒరుసుకొని పారుతున్నా ఆ సీమ చాలాకాలం నీటికి పేదగానే ఉండిపోయింది. నది పల్లంలో పారుతుంది, పొలాలు మెట్టమీద ఉన్నాయి. శ్రీనాథుని పేరున చెప్పుకొనే చాటువులలో పలనాటి నీటి ఎద్దడి ఎంత వెక్కిరింతకు గురి అయినదో తెలుగు ఉపాధ్యాయులు ఎరిగినదే. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరం కాలువలకు నీరు వదిలిన తరువాత ఆ పరిస్థితి కొంత మారింది. అప్పటినుంచీ పలనాటి రైతుకు రెండు వానలతో పని. ఒకటి మాచర్ల, గురజాల, నరసరావుపేట పొలాలలో నేరుగా కురిసే వాన. రెండవది అక్కడికి సుమారు 600 కిలోమీటర్ల దూరాన, పడమటి కనుమలలో మహాబళేశ్వరం పరిసరాల కురిసి, కృష్ణలో కలిసి, జవహర్ కాలువ వెంట నడిచివచ్చే వాన. మొదటిది తప్పితే మెట్టపైరు పోతుంది. రెండవది తప్పితే మాగాణి బీడవుతుంది.

2002లో రెండూ తప్పాయి. ఆ సంవత్సరం జూలైలో దేశం మొత్తంమీద కురవవలసిన వానలో సుమారు సగమే కురిసింది. ఆ కరువు వెంటనే, 2003లో కర్ణాటక ప్రభుత్వం ‘వరుణ’ అనే పేరుతో విమానాలనుంచి మబ్బులమీద రసాయనాలు చల్లించింది. 2004 నుంచి కొన్నేళ్ళపాటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అదే పని చేయించింది. మేఘమథనం అనే మాట అప్పుడే పత్రికల ద్వారా పల్లెపల్లెకూ పాకింది. విమానం వచ్చిన సాయంత్రం వాన పడితే ‘మందు పనిచేసింది’ అన్నారు. పడకపోతే ‘మబ్బు మంచిది కాదు’ అన్నారు. ఇలా అనేవారికి ఓటమి ఎన్నటికీ లేదు. కాని శాస్త్రజ్ఞుడు అడగవలసిన ప్రశ్న వేరు: విమానం రాకపోయివుంటే ఆ సాయంత్రం ఎంత వాన పడివుండేది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకటంలోనే మేఘమథన చరిత్ర అంతా గడిచింది. అది విమానాల కథకన్న వర్షమాపకాల కథ అనటం న్యాయం.

వాన కురిపిస్తామనేవారు శాస్త్రానికి కొత్తవారు కారు. అమెరికాలో చార్లెస్ హాట్‌ఫీల్డ్ అనే ఆయన ఎత్తైన మంచెలమీద రహస్య ద్రవ్యాలు ఆవిరి పట్టి వానలు రప్పిస్తానని చెప్పుకొనేవాడు. 1915 డిసెంబరులో శాండియాగో నగరపాలకులు తమ జలాశయం నింపితే 10,000 డాలర్లు ఇస్తామన్నారు. 1916 జనవరిలో కుంభవృష్టి కురిసి, ఆనకట్టలు తెగి, ప్రాణనష్టం కూడా జరిగింది. హాట్‌ఫీల్డ్ తన సొమ్ము అడిగితే, వరదనష్టానికి కూడా నీవే పూచీపడతావా అని నగరపాలకులు ఎదురడిగారు. చివరకు న్యాయస్థానం ఆ వాన దైవికమని తేల్చింది. వాన ఎవరిదో నిర్ణయించటానికి అప్పటికి వేరే పద్ధతి లేదు.

శాస్త్రీయమైన ఆరంభం 1946లో జరిగింది. మబ్బులోని సన్నని నీటిబిందువులు సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండగలవు. వాటి మధ్య కొన్ని మంచుస్ఫటికాలు పుడితే, అవి చుట్టూ ఉన్న తేమను లాగుకొని పెరిగి బరువెక్కి రాలతాయి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ శీతలపేటికలో పొడిమంచు, అనగా ఘనరూపంలోని కార్బన్ డయాక్సైడ్, వేసి ఈ పని జరగటం చూశాడు. నవంబరు 13న విమానం ఎక్కి నిజమైన మబ్బుమీద అదే వేశాడు. మబ్బునుంచి మంచు రాలింది. ఆయన సహచరుడు బెర్నార్డ్ వానెగట్ ఆ రోజులలోనే సిల్వర్ అయొడైడ్ కూడా స్ఫటికాలకు విత్తనంగా పనిచేస్తుందని కనిపెట్టాడు. ఇందులో చాలామంది మరచిపోయే సంగతి ఒకటి ఉన్నది. ఆనాడు రాలిన మంచు నేలకు చేరకముందే గాలిలో ఆవిరైపోయింది. కింద వర్షమాపకం పెట్టివుంటే దానిలో చుక్క కూడా పడివుండేది కాదు. మబ్బులో మార్పు తేవటం ఒకటి, నేలమీద నీరు పెంచటం మరొకటి.

వారి గురువు అర్వింగ్ లాంగ్‌ముయిర్ 1932లో నోబెల్ బహుమతి పొందిన రసాయనశాస్త్రవేత్త. ఆయన ఉత్సాహం హద్దు దాటింది. న్యూమెక్సికోలో వారానికి ఒక వరసలో సిల్వర్ అయొడైడ్ పొగ వదిలించి, దాని ప్రభావం వల్ల వేల కిలోమీటర్ల దూరాన కూడా ఏడు రోజుల కొకమారు వానలు పడుతున్నాయని వాదించాడు. ప్రకృతి తనంతట తానే ఒక్కొక్కప్పుడు అలాటి ఏడురోజుల వరుస చూపుతుందని వాతావరణశాస్త్రజ్ఞులు పాత లెక్కలు తీసి చూపారు. ఒక విషయంలో మహామేధావి అయినవాడు మరొక విషయంలో అంకెలను తనకు అనుకూలంగా చదువుకొనటం శాస్త్రచరిత్రలో ఇదే మొదటిసారి కాదు.

ఇక వానను కొలవటం సంగతి. పైకి చూస్తే ఇంతకన్న తేలికపని లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారం ముందు మూరెడు వెడల్పు నోరుగల పాత్రను వర్షమానంగా ఉంచాలని ఉన్నది. భారత వాతావరణశాఖ 1875లో ఏర్పడింది. నేటికీ నియమమేమంటే గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, దగ్గరలోని చెట్టుకు గాని గోడకు గాని దాని ఎత్తుకు రెట్టింపు దూరాన ఉండాలి, ఉదయం 8 గంటల 30 నిమిషాలకు నీటిని కొలవాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. రైతు కొలత దీనికన్న పాతది: నాగలి దిగేంతవరకు నేల తడిస్తే ఒక పదును.

అయితే ఈ చిన్నగరాటు మోసం చేస్తుందని 18వ శతాబ్దంలోనే బయటపడింది. లండనులో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు ఒకే రకమైన పాత్రలు మూడు తీసుకొని ఒకటి నేలపైన, ఒకటి ఇంటికప్పుమీద, ఒకటి వెస్ట్‌మినిస్టర్ మఠగోపురంమీద పెట్టాడు. ఏడాది పొడుగునా కొలిచి 1769లో ప్రకటించాడు. నేలమీది పాత్రలో 22.6 అంగుళాలు, ఇంటిమీద 18.1, గోపురంమీద 12.1. ఒకే ఆకాశం, ఒకే వాన. ఎత్తుకు పోయినకొద్దీ సగం మాయం! విద్యుచ్ఛక్తి కారణమని కొందరు, చినుకు కిందికి దిగుతూ పెరుగుతుందని కొందరు ఊహించారు. దాదాపు వంద సంవత్సరాల తరువాత, 1861లో, స్టాన్లీ జెవన్స్ అసలు కారణం చెప్పాడు. తరువాత ఆయన అర్థశాస్త్రవేత్తగా పేరుపొందాడు. పాత్రకు తగిలిన గాలి దాని అంచుపైన ఎగసి వడిగా పోతుంది. ఆ గాలి చినుకులను పాత్రమీదుగా అవతలికి తోసుకుపోతుంది. ఎత్తున గాలి ఎక్కువ, కనుక నష్టమూ ఎక్కువ.

గోపురానికి పట్టిన గతే కొండకూ పడుతుంది. కొండశిఖరంమీద గాలి ఎప్పుడూ వడిగానే ఉంటుంది. మంచు కురిసేచోట పరిస్థితి మరీ అన్యాయం, దూదిపింజ వంటి మంచును గాలి ఎటైనా కొట్టుకుపోతుంది. అందుకే చల్లని దేశాలలో వర్షమాపకం చుట్టూ గాలిని అడ్డే రేకుల దడి కడతారు. ఇంకొక చిక్కు, కొండమీద వాన అడుగడుక్కూ మారుతుంది. కృష్ణ పుట్టే మహాబళేశ్వరంలో ఏడాదికి 6,000 మిల్లీమీటర్ల దాపున కురిస్తే, ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న పంచగనిలో దానిలో మూడవవంతుకు అటూ ఇటూగా, ఇంకా తూర్పున కొండ దిగగానే వచ్చే వాయిలో 1,000 మిల్లీమీటర్లకు లోపే కురుస్తుంది. ఇలాటిచోట వర్షమాపకాన్ని ఒక కొండవాలునుంచి పక్క కొండవాలుకు మార్చితే చాలు, ఏ మందూ చల్లకుండానే వాన పెరిగినట్లో తగ్గినట్లో చూపవచ్చును.

ఇంకొక లెక్క విద్యార్థులు చేసి చూడవచ్చు. 200 చదరపు సెంటీమీటర్ల నోరుగల వర్షమాపకాన్ని 50 చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున పెట్టామనుకొందాం. ఆ గరాటు నోరు ఆ నేలలో 250 కోట్లవ వంతు. ఆ ఒక్క గింజ పట్టుకొని అన్నం ఉడికిందో లేదో చెప్పాలి. దానికితోడు వర్షమాపకాలు మనుషులున్నచోట ఉంటాయి. తాలూకా కచేరీలలో, మండలకేంద్రాలలో వాటిని పెట్టారు గాని నిర్జనమైన అడవికొండలలో వాటిని పెట్టటమూ కష్టమే, రోజూ చూసేవారు దొరకటమూ కష్టమే. మబ్బు ముందుగా ఎక్కేది ఆ కొండలమీదికే.

మనదేశంలో మేఘమథనం కూడా కొండలమీదనే మొదలైంది. పడమటి కనుమలలో జలవిద్యుత్ కేంద్రాలు నడుపుతున్న టాటావారు 1951లో అక్కడ నేలమీద కుంపట్లవంటి యంత్రాలు పెట్టి సిల్వర్ అయొడైడ్ పొగ వదిలారు. మరుసటి ఏడు కలకత్తాలో ఎస్.కె. బెనర్జీ హైడ్రోజన్ బెలూన్లకు ఉప్పు, సిల్వర్ అయొడైడ్ కట్టి మబ్బులలోకి పంపాడు. రెండూ సాహసాలే గాని, రెండింటి తరువాతా పాతప్రశ్న అలాగే మిగిలింది.

ఉప్పు ఎందుకో చెప్పాలి. ఋతుపవనకాలంలో మన మబ్బులు చాలావరకు సున్నా డిగ్రీలకు పైనే, వెచ్చగా ఉంటాయి. వాటిలో మంచుస్ఫటికాలకు తావులేదు. ఉప్పురేణువు తేమను పీల్చి పెద్దచుక్క అవుతుంది, ఆ పెద్దచుక్క పడుతూ చిన్నచుక్కలను కలుపుకొంటుంది. ఢిల్లీలో ఏర్పడిన వర్ష, మేఘ భౌతికశాస్త్ర పరిశోధనవిభాగం 1957 నుంచి 1966 దాకా ఢిల్లీ, ఆగ్రా, జయపూరులలో నేలనుంచి ఉప్పుపొడిని గాలిలోకి వదిలి ప్రయోగాలు చేసింది. రమణమూర్తి, బిశ్వాస్ 1968లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వాన సుమారు 20 శాతం పెరిగింది.

ఏ రోజు చల్లాలో ఏ రోజు మానాలో శాస్త్రజ్ఞుని ఇష్టానికి వదలక, చీటీ తీసి నిర్ణయించటం అప్పటికి ప్రపంచమంతటా అలవాటవుతూ వచ్చింది. ఎందుకంటే ఎంత నిజాయితీపరుడైనా మంచిమబ్బు కనబడినప్పుడే చల్లబుద్ధి పుడుతుంది, మంచిమబ్బు ఎలాగూ వాన కురుస్తుంది. ఈ నియమం పెట్టుకొన్నచోట ఆశలు చాలా చల్లబడ్డాయి. అరిజోనాలో టూసాన్ నగరం పక్కనున్న శాంటా కాటలీనా కొండలమీద 1957లో మొదలైన వేసవిప్రయోగాలలో చల్లిన రోజుల వానే తక్కువని తేలింది. ఆ తగ్గుదల కూడా యాదృచ్ఛికం కావచ్చునన్నారు. కొలరాడోలోని క్లైమాక్స్ దగ్గర 1960లో మొదలై పదేళ్ళు జరిగిన ప్రయోగం కొండమంచు పెరిగినదని చెప్పి చాలాకాలం ఆదర్శంగా నిలిచింది. 1987లో రాంగ్నో, హాబ్స్ అనే ఇద్దరు ఆ వర్షపులెక్కలనే తిరగవేసి చూసి, మొదట చెప్పినంత బలమైన ఆధారం లేదని వ్రాశారు.

భారతదేశపు ప్రయోగాలలో అన్నిటికన్న జాగ్రత్తగా జరిగినది మహారాష్ట్రలోని బారామతి ప్రయోగం. బారామతి కృష్ణకు ఉపనది అయిన భీమ పరీవాహకంలో, పడమటి కనుమల చాటున వాన తక్కువగా పడే ప్రాంతంలో ఉన్నది. పూనాలోని ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థవారు 1973, 1974, 1976 లలోను, 1979 నుంచి 1986 వరకు వరుసగాను, మొత్తం 11 వర్షాకాలాలు అక్కడ విమానంనుంచి మబ్బులలో ఉప్పుపొడి చల్లారు. వారి ఏర్పాటు చక్కనిది. ప్రాంతాన్ని ఉత్తరం, నడుమ, దక్షిణం అని మూడు పట్టీలుగా చేశారు. చీటీ ప్రకారం ఒకరోజు ఉత్తరపు పట్టీలో చల్లితే దక్షిణం ఊరకుంటుంది, మరొక రోజు దక్షిణంలో చల్లితే ఉత్తరం ఊరకుంటుంది. నడిమి పట్టీ రెండు పొలాల మధ్య గట్టువంటిది. ఒకవైపు చల్లినది రెండవవైపు పోకుండా వదిలిన ఖాళీ.

ఇదే ఏర్పాటు పలనాటిలో చేశామని ఊహించుకొంటే దాని కిటుకు తెలుస్తుంది. పడమర మాచర్ల ఒక పట్టీ, తూర్పున నరసరావుపేట ఇంకొక పట్టీ, మధ్యన పిడుగురాళ్ళ ఖాళీ అని గీత గీయటం సులభం. కాని నైఋతి ఋతుపవనం వీచేది పడమటినుంచి. మాచర్లమీద చల్లిన ఉప్పు గాలితో కలిసి నరసరావుపేట చేరవచ్చును, అప్పుడు ఏది చల్లిన పట్టీయో ఏది చల్లనిదో చెప్పలేము. అందువల్లనే బారామతిలో పట్టీలను గాలికి అడ్డంగా కాక గాలివెంట, ఉత్తరదక్షిణాలుగా విడదీశారు.

లెక్క కూడా చూద్దాం. ఈ అంకెలు కేవలం ఊహకు మాత్రమే. ఉత్తరపు పట్టీలో చల్లిన రోజుల సగటు ఉత్తరాన 9 మిల్లీమీటర్లు, దక్షిణాన 5. దక్షిణంలో చల్లిన రోజుల సగటు ఉత్తరాన 8, దక్షిణాన 6. మొదటి జత ఒక్కటే చూసినవాడు వాన 80 శాతం పెరిగినదని గంతువేస్తాడు. రెండవ జత ఒక్కటే చూసినవాడు చల్లినచోట 25 శాతం తగ్గినదని దిగులుపడతాడు. నిజానికి ఉత్తరపు పట్టీకి స్వభావంగానే వాన ఎక్కువ. 9ని 5తోను, 6ని 8తోను భాగించి వచ్చిన రెండింటినీ గుణిస్తే 1.35, దాని వర్గమూలం సుమారు 1.16. పట్టీల సహజమైన తేడా ఇలా కొట్టుకుపోయి, మిగిలినది 16 శాతం. ఆ మిగిలినదైనా మందు వల్లనేనా, చీటీల దయవల్లనా అన్నది రోజుల సంఖ్య చెప్పాలి.

బారామతిలో పదకొండు ఋతువుల తరువాత మిగిలినది 24 శాతం. ఉప్పు ఏమీ చెయ్యకపోయినా కేవలం చీటీల దయవల్ల ఇంత తేడా కనబడే అవకాశం నూటికి నాలుగు. ఈ ఫలితం పూర్తిగా వెలువడినది 2000లో. ఒక అంకె కోసం పదకొండు వర్షాకాలాలు వేచివుండటం, అందులో వాన కోసం రైతులు ఆకాశం చూస్తున్న రోజులలో సగం రోజులు చీటీ మాటకు కట్టుబడి ఒక పట్టీని వదిలివేయటం ఎంత నిగ్రహమో ఊహించవచ్చును.

2004 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో జరిగినది ఇలాటి ప్రయోగం కాదు, కరువు సహాయకార్యక్రమం. అక్కడ ఏ ప్రభుత్వానికైనా చీటీ తీసి ఒక జిల్లామీద మబ్బును వదిలివేయమనటం కష్టమే. వదలకపోవటం వల్ల పోలికకు అవసరమైన రెండవ పట్టీ లేకపోయింది, అది లేనప్పుడు వర్షమాపకాలు ఎన్నివున్నా లాభమెంతో చెప్పలేవు. ఖర్చుపద్దు మాత్రం స్పష్టంగా ఉంటుంది.

పూనా సంస్థ 2009లో మేఘాల, ధూళికణాల సంబంధంమీద కొత్త పరిశోధన మొదలుపెట్టింది. దాని పరిశీలనవిమానాలు ఎగిరిన స్థావరాలలో హైదరాబాదు ఒకటి. చివరిదశ 2018, 2019 లలో షోలాపూరులో జరిగింది. రాడారు, వర్షమాపకాలు, విమానంలోని పరికరాలు కలిపి 276 మబ్బులను పరిశీలించారు. 2023లో ప్రకటించిన ఫలితాలలో రెండు అంకెలు ఉన్నాయి. కొన్ని స్థలాలలో 46 శాతం పెరుగుదల. చల్లిన చోటికి గాలివాటున 100 చదరపు కిలోమీటర్ల ప్రాంతంమీద సగటున 18 శాతం. పత్రికలు మొదటిదానిని పెద్దక్షరాలలో వేశాయి. రైతుకు, జలాశయానికి కావలసినది రెండవది. మంచి చినుకు పడినచోటున్న వర్షమాపకం ఎప్పుడూ ఘనంగానే మాట్లాడుతుంది, ప్రాంతాన్ని వెడల్పు చేసినకొద్దీ అంకె చిన్నదవుతుంది.

కొండలమీద ఆధునికమైన లెక్కలు ఇంకా వినయంగా ఉన్నాయి. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో రెండు కొండవరుసలను బారామతి పట్టీల మాదిరిగా వాడుకొని, 2008 నుంచి కొన్ని శీతకాలాలు ప్రయోగం చేశారు. నాణ్యత పరీక్షకు నిలిచిన 118 సందర్భాలలో పెరుగుదల 3 శాతం, అది యాదృచ్ఛికమయ్యే అవకాశం నూటికి 28. ఇజ్రాయెల్‌లో 1961 నుంచి 1967 వరకు జరిగిన మొదటి ప్రయోగం 15 శాతం చూపగా, దేశంలో ఏటా చల్లటం ఆచారమైంది. గోలాన్ కొండలలో 2013 నుంచి 2020 వరకు మళ్ళీ చీటీల పద్ధతిలో పరీక్షిస్తే 2 శాతం కూడా తేలలేదు. ఆ దేశం చల్లటం మానుకొన్నది.

2017 శీతకాలంలో ఐడహో కొండలమీద మాత్రం ఒక కొత్త సంగతి కంటబడింది. విమానం వంకరటింకరగా ఎగిరి సిల్వర్ అయొడైడ్ వదిలితే, సహజంగా మంచు కురవని మబ్బులో సరిగ్గా అదే వంకరగీత రాడారు తెరమీద మంచురూపంలో వెలిసింది. అలాటి గీతను ప్రకృతి తనంతట గీయదు గనుక, ఈ మంచు మందు వల్లనే అని మొదటిసారి తిరుగులేకుండా చెప్పగలిగారు. మూడు సందర్భాలలో నేలకు చేరిన నీరు మొత్తం సుమారు 7 లక్షల ఘనపు మీటర్లు. సాగరం నీటిని లెక్కపెట్టే శతకోటి ఘనపుటడుగుల కొలతలో, అనగా టి.ఎం.సి.లలో, అది 0.025. నాగార్జునసాగరం నేటి నిలువ సామర్థ్యం సుమారు 312.